నీడ చెట్టు మీద చిన్నరాణి

డిసెంబరు వచ్చిందంటే మా హాస్టల్లో హాజరు పట్టీ పలచబడుతుంది. కాఫీ పండ్లు కోతకొచ్చే రోజులవి. ఇంట్లో చేతులు చాలక, పెద్ద తరగతుల ఆడపిల్లల్ని వారం పది రోజులకని తల్లిదండ్రులు తీసుకుపోతారు. మేము కోప్పడతాం, చదువు పోతుందని చెబుతాం, చివరికి సెలవు చీటీ మీద మేమే సంతకం చేస్తాం. మేమూ ఆ తోటల్లో పెరిగినవాళ్ళమే కదా. నడుముకు సంచి కట్టుకుని పండ్లు కోసిన చేతులే ఇవి.

రెండేళ్ళ కిందట అలా వెళ్ళొచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల ఒక ప్రశ్న పట్టుకొచ్చింది. "మేడమ్, మా తోటలో చెట్ల పైన ఆకురంగు పిట్ట ఒకటి రోజంతా అరుస్తానే ఉంటాది. ఎండలు ముదిరేసరికి కనబడదు. ఎక్కడికి పోతాది?" మాకు తెలియలేదు. బి.ఎడ్.లో పాఠం ఎలా చెప్పాలో నేర్పారు గానీ, మన కొండ మీది పిట్ట ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ నేర్పలేదు. పుస్తకాలు తిరగేస్తే అది గ్రీనిష్ వార్బ్లర్ అయి ఉంటుందని అనిపించింది. హిమాలయాల్లోనూ, అంతకంటే ఉత్తరాన సైబీరియా దాకానూ గూళ్ళు పెట్టుకుని, చలికాలం గడపడానికి మన దక్షిణాదికి వచ్చే పిట్ట అది. పిల్లలకు అదే చెప్పాం. వాళ్ళు నమ్మలేదు. అంత చిన్న పిట్ట అంత దూరమా అని నవ్వారు.

ఆ వెతుకులాటలోనే ఇంకో పిట్ట కథ మా కంటబడింది. అది మన పిట్ట కాదు, అమెరికా ఖండాలది. మన కొండలకు ఎన్నడూ రాలేదు, రాబోదు కూడా. అయినా ఆ కథలో కాఫీ తోట ఉంది, నీడ చెట్టు ఉంది, కొండ నెత్తిని తవ్వే గని ఉంది, తమ నేల మీద నుంచి తరిమివేయబడిన ఆదివాసులు ఉన్నారు. సంఘం వారు ఈ సంచికకు చరిత్ర వ్యాసం కావాలని అడిగినప్పుడు ఆ కథే రాస్తామని చెప్పాం. మన వీరుల గురించి మాకంటే బాగా రాసే పెద్దలు ఉన్నారు. ఈ పిట్ట గురించి మన సంచికల్లో ఎవరూ రాసినట్టు లేదు.

దాని ఇంగ్లీషు పేరు సెరూలియన్ వార్బ్లర్. స్పానిష్ మాట్లాడే కాఫీ రైతులు దాన్ని 'రెయినితా సియెలో అసూల్' అంటారు. ఆకాశనీలం రంగు చిన్నరాణి అని అర్థం. మనమూ చిన్నరాణి అనే అందాం. బరువు తొమ్మిది గ్రాముల చుట్టుపక్కల, అంటే మన పది రూపాయల బిళ్ళ కంటే ఒక్క పిసరు ఎక్కువ. మగది పైన నీలం, కింద తెలుపు, రొమ్ము మీద సన్నని నల్లటి పట్టీ. ఆడదానిది నీలి ఆకుపచ్చ కలిసిన మెత్తని రంగు. ఇది ఉండేది నేల మీద కాదు, పొదల్లో కాదు. ఎత్తయిన ఓక్ చెట్ల కొసకొమ్మల్లో. దీన్ని చూడాలని మెడ ఎత్తి ఎత్తి, మెడనొప్పి తెచ్చుకోవడం అక్కడి పక్షి ప్రియులకు మామూలే. గూటిని సాలెగూటి దారాలతో బిగిస్తుంది. మొదటి గూడు చెడిపోతే ఆ దారాలనే విప్పి తెచ్చి రెండో గూటికి వాడుకుంటుంది. ఆడపిట్ట గూడు విడిచేటప్పుడు రెక్కలు ముడిచి రాయిలా కిందికి పడి, బాగా దిగాక అప్పుడు రెక్కలు విప్పుతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మా పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఈ పిట్టకు శాస్త్రంలో మొదట చోటిచ్చినవాడు అలెగ్జాండర్ విల్సన్. స్కాట్లండులో మగ్గం నేసేవాడు. అమెరికా వలస వెళ్ళి ఫిలడెల్ఫియా దగ్గర బడిపంతులయ్యాడు. బడి చెబుతూనే పిట్టల బొమ్మలు గీయడం మొదలుపెట్టి, ఆ దేశపు పక్షుల మీద సంపుటాల కొద్దీ పుస్తకం రాశాడు. 1810లో అందులో ఈ పిట్టను వర్ణించాడు. బడిపంతులు కాబట్టి మాకు ఆయన మీద కొంచెం పక్షపాతం ఉంది, దాచుకోం.

విల్సన్ కాలానికి తూర్పు అమెరికాలో అడవి ఇంకా చాలానే ఉంది. ఆ అడవి ఖాళీ అడవి కాదు. దక్షిణ అపలాచియన్ కొండల్లో చెరోకీలు ఉండేవారు. వాళ్ళకు ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి, 1820లకే సొంత లిపి కూడా ఉంది. 1830లో ఆ దేశ ప్రభుత్వం ఆదివాసులను మిసిసిపీ నదికి పడమటి వైపు తరలించే చట్టం చేసింది. 1838లో సైన్యం వచ్చి చెరోకీలను ఇళ్ళలో నుంచి లేపి శిబిరాల్లో పెట్టి, పడమటికి నడిపించింది. సుమారు పదహారు వేల మందిలో నాలుగు వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఆ నడకకు 'కన్నీటి దారి' అని పేరు నిలిచిపోయింది. కొద్దిమంది మాత్రం కొండల్లో నిలబడిపోయారు. వాళ్ళ సంతతి ఇప్పటికీ ఉత్తర కరొలైనాలో ఉంది.

ఆ తర్వాత వంద ఏళ్ళలో అడవికి ఏమైందో వేగంగా చెప్పేస్తాం. పొలాల కోసం కొట్టారు, కలప కోసం కొట్టారు. మిసిసిపీ లోయలో, నది పొంగే పల్లపు నేలల్లో ఈ పిట్ట ఒకప్పుడు బాగా ఉండేది. ఆ చెట్లన్నీ పోయి సోయా, పత్తి చేలయ్యాయి. 1904లో న్యూయార్కులో ఒక బూజు తెగులు బయటపడింది. దిగుమతి మొక్కలతో వచ్చిన ఆ తెగులు యాభై ఏళ్ళలో అమెరికా చెస్ట్‌నట్ చెట్లను దాదాపు తుడిచిపెట్టింది. చనిపోయినవి సుమారు 400 కోట్ల చెట్లంటారు. కొట్టేసిన కొండల మీద మెల్లగా మళ్ళీ ఓక్ అడవి పెరిగింది. చిన్నరాణి ఆ కొండలనే పట్టుకుంది. ఇప్పుడు ఆ పిట్టల్లో ఎక్కువ భాగం గూళ్ళు పెట్టేది వెస్ట్ వర్జీనియా, కెంటకీ, టెనెసీ, ఒహాయో కొండల్లోనే. అందులోనూ కొండ వీపుల మీద, కొసల మీద.

ఆ కొండల కిందే బొగ్గు ఉంది. 1970ల నుంచి అక్కడ బొగ్గు తీసే పద్ధతి మారింది. సొరంగం తవ్వడం మాని, మందుగుండుతో కొండ నెత్తినే పేల్చేసి, ఆ మట్టీ రాళ్ళూ పక్క లోయలోకి నెట్టేస్తారు. గెడ్డలు పూడిపోతాయి. వందల కొండలు అలా బోడి అయ్యాయి. పిట్టకు ఎక్కడ ఇల్లు కావాలో సరిగ్గా ఆ చోటే పోయింది. 1977లో గనులు మూసినచోట నేల సరిచేయాలని చట్టం వచ్చింది. కంపెనీలు యంత్రాలతో మట్టిని గట్టిగా అణిచి, గడ్డి చల్లి, పని అయిందన్నాయి. దిమ్మెస కొట్టినట్టున్న ఆ నేలలో చెట్టు వేరు దిగలేదు.

ఇది చదివితే మన వాళ్ళకు ఏం గుర్తుకొస్తుందో మాకు తెలుసు. మన కొండల నెత్తి మీద బాక్సైటు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని, అడవి భూమిని ప్రైవేటు గనులకు లీజుకు ఇవ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో చెప్పింది. ఆ కేసు మన అనంతగిరి వైపు నుంచే వెళ్ళింది. అపలాచియన్ కొండవాసులకు అలాంటి తీర్పు దొరకలేదు.

ఇక లెక్క సంగతి. ఒక పిట్ట తగ్గిపోతోందని ఎవరికైనా ఎలా తెలుస్తుంది? చాండ్లర్ రాబిన్స్ అనే శాస్త్రవేత్త 1966లో ఒక పద్ధతి మొదలుపెట్టాడు. జూన్ నెలలో, సూర్యుడు పొడవక ముందే, ఒక దారి మీద బయలుదేరాలి. యాభై చోట్ల ఆగాలి. ఆగిన ప్రతిచోటా మూడే మూడు నిమిషాలు, కనబడిన పిట్ట, వినబడిన పిట్ట రాసుకోవాలి. మరుసటి ఏడు అదే దారి, అవే చోట్లు. జీతం లేదు. పిట్టల గొంతులు గుర్తుపట్టగల మామూలు మనుషులు వేలమంది ఈ పని చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. ఇరవై ఏళ్ళు పోయాక లెక్కలు తీస్తే, చిన్నరాణి ఏటా నూటికి సుమారు మూడు వంతున తరుగుతోందని తేలింది. 1992లో రాబిన్స్, మరో ఇద్దరు కలిసి ఈ పిట్ట ఆపదలో ఉందని రాశారు.

నూటికి మూడంటే ఎంత, పెద్ద లెక్కా అనిపిస్తుంది. మా ఎనిమిదో తరగతి పిల్లలతో బోర్డు మీద చేయించాం. వందలో మూడు పోతే తొంభై ఏడు. అందులో మళ్ళీ నూటికి మూడు. ఇరవై మూడో ఏటికి సగం కంటే తక్కువ మిగిలింది. ఒక పిల్ల లేచి, "అంటే మేము మీ వయసుకొచ్చేసరికి సగం కూడా ఉండవు కదా మేడమ్" అంది. చక్రవడ్డీ పాఠం ఇంత బాగా ఎప్పుడూ అర్థం కాలేదు వాళ్ళకు.

రాబిన్స్ వాళ్ళకు ఇంకో సంగతి కూడా అనుమానంగా ఉండేది. గూడు పెట్టే అడవి ఒక్కటే కారణం కాదు. చిన్నరాణి జూలై ఆగస్టులకే కొండలు విడిచి దక్షిణానికి బయలుదేరుతుంది. మెక్సికో సింధుశాఖ నీళ్ళ మీదుగా ఎగిరి, దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు పోయి, వెనెజ్వెలా, కొలంబియా, ఈక్వడార్, పెరూ దేశాల ఆండీస్ కొండల్లో చలికాలం గడుపుతుంది. సముద్ర మట్టానికి ఐదు వందల నుంచి రెండు వేల మీటర్ల ఎత్తు మధ్యనే దానికి ఇష్టం. కాఫీకి కూడా ఆ ఎత్తే ఇష్టం. మన అరకు, పాడేరు తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్నాయి, మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆండీస్ రైతులు పాతకాలంలో కాఫీని పెద్ద చెట్ల కింద పెంచేవారు. గ్వామో అనే చెట్టు వాళ్ళ నీడ చెట్లలో ముఖ్యమైనది. దాని కాయల్లో సీమచింతకాయలో ఉన్నట్టే తీయని తెల్లటి గుజ్జు ఉంటుంది. అరటి, పండ్ల చెట్లు, పాత అడవి చెట్లు అన్నీ కలిసి ఉండేవి. పిట్టకు అది అడవే. వెనెజ్వెలాలో పరిశీలించినవాళ్ళకు, ముట్టని అడవిలో కంటే నీడ కాఫీ తోటల్లోనే చిన్నరాణులు కొన్ని రెట్లు ఎక్కువ కనబడ్డాయి. మొదటిసారి చదివినప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది. తర్వాత అనిపించింది, ఆశ్చర్యం ఎందుకు? మనుషులు అడుగుపెడితే అడవి పోయినట్టే అని మనకు చెప్పి చెప్పి, మనమే నమ్మేశాం.

ఆ తోటలు ఎందుకు పోయాయి? 1970లో కాఫీ ఆకుతుప్పు తెగులు బ్రెజిల్‌కు వచ్చింది. అదే తెగులు అంతకు నూరేళ్ళ ముందు శ్రీలంక కాఫీని నాశనం చేస్తే, అక్కడ టీ తోటలు పుట్టుకొచ్చాయి. కొలంబియా భయపడింది. పొట్టి రకాలు వేయండి, దగ్గర దగ్గరగా నాటండి, నీడ చెట్లు తీసేయండి, ఎండ తగిలితే తెగులు తగ్గుతుంది, ఎరువు వేస్తే దిగుబడి పెరుగుతుంది అని రైతులకు చెప్పారు, అప్పులిచ్చారు. తెగులు 1983లో కొలంబియాకు రానే వచ్చింది. 1990లు వచ్చేసరికి ఆ దేశపు కాఫీ భూమిలో సగానికి పైగా నీడ పోయింది, కాదంటే బాగా పలచబడింది. ఆ రైతులను తప్పుపట్టలేం. ఎకరానికి నాలుగు గింజలు ఎక్కువ వస్తాయంటే పిల్లల చదువు కళ్ళముందు కనబడుతుంది.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఇది వ్యాసమే కాదు. మా నాన్న తోటలో తాతల నాటి మామిళ్ళు, పనసలు, నేరేడు, ఇంకా పేర్లు కూడా సగం మరిచిపోయిన అడవి చెట్లు ఉండేవి. 2009లో అక్క పెళ్ళికి వాటిలో చాలా కొట్టించాం. ఖాళీ అయిన చోట సిల్వర్ ఓక్ మొక్కలు నాటాం. అది ఆస్ట్రేలియా చెట్టు. నిటారుగా తొందరగా పెరుగుతుంది, మిరియం తీగకు బాగా ఆనుతుంది, కర్రకు ధర ఉంది. నష్టపోయామని అనలేం. మిరియాల డబ్బుతోనే మా తమ్ముడు డిగ్రీ పూర్తి చేశాడు. కానీ పనస పండ్ల కాలంలో ఇంటికి వెళితే ఇప్పుడు పక్కవాళ్ళ చెట్టు వైపు చూడాలి. పడమటి కనుమల కాఫీ తోటల్లో చూసినవాళ్ళు కూడా, ఒక్క సిల్వర్ ఓకే ఉన్న తోట కంటే నాటు చెట్లు కలిసిన తోటలో పిట్టల రకాలు ఎక్కువని చెబుతున్నారు. చిన్నరాణి చరిత్ర చదువుతూ ఉంటే మాకు మాటిమాటికీ మా తోటే గుర్తుకొచ్చింది.

2000 సంవత్సరంలో చాలా సంఘాలు కలిసి, చిన్నరాణిని ఆపదలో ఉన్న జీవుల చట్టం కిందికి తేవాలని అమెరికా ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాయి. జవాబు రావడానికి ఆరేళ్ళు పట్టింది. తగ్గుతున్న మాట నిజమే గానీ, ఇంకా లక్షల్లో ఉన్నాయి కాబట్టి అవసరం లేదని 2006లో తేల్చారు. ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవం ఉన్నవాళ్ళకు ఆ ఆరేళ్ళ సంగతి వివరించక్కర్లేదు.

అర్జీ ఫైళ్ళలో ఉండగానే ఇంకొకచోట పని జరిగింది. 2005లో కొలంబియాలోని సాంతాందేర్ ప్రాంతంలో, సాన్ విసెంతే దె చుకురీ ఊరి దగ్గర, ప్రోఆవెస్ అనే సంస్థ సుమారు ఐదు వందల ఎకరాల అడవి కొని, దానికి ఈ పిట్ట పేరే పెట్టింది. ఆ చుట్టుపక్కల కాఫీ, కోకో రైతులతో మాట్లాడి, తోటల్లో నాటు చెట్లు మళ్ళీ పెట్టించే పని ఎత్తుకుంది. అడవి ముక్కకూ అడవి ముక్కకూ మధ్య నీడ తోటలు వంతెనలా ఉండాలని ఆలోచన. ఆ పక్కనే యారిగియెస్ పర్వత పంక్తి ఉంది. అది యారిగీ అనే ఆదివాసుల పేరు. వలసదారులతో చాలాకాలం పోరాడారు. సింకోనా బెరడు కోసం వచ్చినవాళ్ళు, రోడ్లు వేసినవాళ్ళు, చమురు కోసం వచ్చినవాళ్ళు, రోగాలు, అన్నీ కలిసి ఇరవయ్యో శతాబ్దంలో వాళ్ళు ఒక తెగగా మిగల్లేదు. కొండకు పేరు మిగిలింది. 2005లోనే ఆ కొండను జాతీయ ఉద్యానవనం చేశారు. ఆ కొండలో చిన్నరాణికి చోటు దొరికినందుకు సంతోషించాలా, యారిగీలకు దొరకనందుకు ఏడవాలా అని మేము చాలాసేపు పుస్తకం మూసుకుని కూర్చున్నాం.

అమెరికాలోనూ కొన్ని పనులు జరుగుతున్నాయి. గని వదిలేసిన కొండల మీద అణిచిన మట్టిని మళ్ళీ వదులు చేసి ఓక్, చెస్ట్‌నట్ నాటుతున్నారు. అడవిని అసలు ముట్టకపోవడం కంటే, అక్కడక్కడా కొన్ని చెట్లు తీసి వెలుతురు పడనిస్తేనే చిన్నరాణి బాగా గూళ్ళు పెడుతోందని కూడా గమనించారు. పాత అడవిలో ముసలి చెట్టు కూలితే పడే వెలుతురు లాంటిదన్నమాట. ఇక తాగేవాళ్ళ వైపు నుంచి, 1990ల చివర స్మిత్‌సోనియన్ సంస్థ పిట్టలకు మేలైన కాఫీకి ఒక ముద్ర పెట్టింది. ఆ ముద్ర కావాలంటే మందులు వాడకూడదు, తోటలో కనీసం నలభై శాతం నీడ ఉండాలి, పది రకాలకు తగ్గకుండా చెట్లుండాలి. ఆ కాఫీకి కొంచెం ఎక్కువ ధర వస్తుంది. ఎక్కువంటే అందరి కష్టమూ తీరేంత కాదు. ముద్ర కోసం తనిఖీ ఖర్చులు, కాగితాలు చిన్న రైతుకు భారమే. పిట్టను బతికించమని అడిగేవాళ్ళు చెట్టు ఉంచుకున్నవాడి ఇంటి ఖర్చు కూడా లెక్క వేయాలి. లేకపోతే రేపు ఇంకో పెళ్ళి వస్తుంది, ఇంకో పనస కూలుతుంది.

1970 నుంచి చూస్తే నాలుగైదు దశాబ్దాల్లో చిన్నరాణుల్లో సుమారు డెబ్బై శాతం పోయాయి. ఇప్పుడు మిగిలినవి ఐదు లక్షలకు కాస్త అటూఇటూ ఉంటాయని అంచనా.

ఇంకొక్క సంగతి. కాఫీ కాయను తొలిచే బెర్రీ బోరర్ పురుగు మన దేశంలో మొదట 1990లో నీలగిరుల గూడలూరు దగ్గర కనబడింది. 2025లో మన అరకు వైపు కూడా బయటపడింది. సోకిన పండ్లను కోయించి నాశనం చేయించారు. ఆ రోజుల్లో హాస్టల్‌కు ఫోన్ చేసిన ప్రతి తల్లీ తండ్రీ మొదట ఆ పురుగు గురించే మాట్లాడారు. జమైకా దేశపు కాఫీ తోటల్లో, కొన్ని మొక్కల మీద పిట్టలు వాలకుండా వల కప్పి చూశారట. వల కింది మొక్కల్లో పురుగు పట్టిన కాయలు ఎక్కువయ్యాయి. వల లేనిచోట ఆ పురుగును తిన్నవాటిలో చలికాలానికి ఉత్తరం నుంచి వచ్చే వార్బ్లర్లు ఉన్నాయి, అంటే చిన్నరాణి చుట్టాలు. మన తోటల్లో ఏ పిట్ట ఏం తింటోందో అలా వల కప్పి చూసే పని మన పిల్లలే చేయవచ్చు. డిగ్రీలో జువాలజీ చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ మాట మీకే.

మేము మాత్రం చిన్న పని ఒకటి చేశాం. పోయిన సంక్రాంతి సెలవులకు వెళ్ళే పిల్లలకు హోంవర్క్ ఇచ్చాం: మీ తోటలో కాఫీ మీద నీడ ఇచ్చే చెట్లన్నిటి పేర్లు, ఇంట్లో పిలిచే పేర్లతోనే రాసుకు రండి. కొందరు మూడు పేర్లు తెచ్చారు. అందులో మొదటిది సిల్వర్ ఓకే. మొదట పిట్ట గురించి అడిగిన పిల్ల, ఇప్పుడు పదకొండో తరగతి, వాళ్ళ నాయనమ్మను తోటంతా తిప్పి పద్నాలుగు పేర్లు రాసుకొచ్చింది. వాటిలో నాలుగు మేము వినలేదు. మా నాన్నకు ఫోన్ చేసి చదివితే, ఆయన రెండు చెట్లు మన తోటలోనూ ఉండేవని, ఏ గట్టు మీద ఉండేవో కూడా చెప్పారు. ఈ వానలకు పనస మొక్కలు ఆరు, నాయనమ్మ ఇచ్చిన గింజలు ఒక పొట్లం తీసుకుని ఆ గట్టుకే వెళుతున్నాం.